పసుపుల ఉడికిన కారు

మా చెల్లె కొడుక్కు నిజామాబాద్‌ల, బోధన్ పోయే రోడ్డు మీద ఒక షెడ్డున్నది. గుద్దుకున్న కార్లకు సొట్టలు తీసి, లప్పం వెట్టి, రంగు కొడ్తడు. చెల్లె అంటె నా తోడవుట్టింది కాదు, మా చిన్నాయిన బిడ్డె. నాకంటె ఆర్నెల్లు చిన్నది. మొన్న ఎండలు మొదలైన దినాల్ల ఆ పోరడు ఫోన్ చేసిండు. ఇద్దరు పిల్లల తండ్రి, గని నాకు పోరడే. "పెద్దమ్మా, ఒకపారి షెడ్డు దిక్కు రా, నీకొకటి చూపియ్యాలె" అన్నడు. ఏందిరా అంటె చెప్పడు. ఎనుక నుంచి మా చెల్లె నవ్వు వినవడ్డది. అది నవ్విందంటె నాకు ఇప్పటికి జర అనుమానమే.

పోయిన. రేకుల కింద ఉక్కపోత, పెయింటు వాసన. బల్ల మీద స్టీలు పళ్ళెంల ఒక చిన్న కారు ఉన్నది. జానెడు పొడుగు సుత లేదు. ఎప్పుడో తెల్లగుండె, ఇప్పుడు ముసలోళ్ళ పండ్ల రంగుకు వచ్చింది. అతుకుల కాడ పసుపు గీతలు. టాపు నడుమల కుంగి, పండుకున్న బర్రె నడుము లెక్క ఉన్నది.

నా పానం జల్లుమన్నది. యాభై ఏండ్లకు ఎక్కువే అయితది దాన్ని చూసి. ఎన్నడో పారేసిండ్రనుకున్న.

"గుర్తువట్టినవా అక్కా?" అన్నది మా చెల్లె. "మా అవ్వ సందుక పెట్టె ఇన్నేండ్లకు తీసిన. చీరెల మడతల ఉండె."

"దీన్ని బిగించినాయన ఎవలో గని, దండం వెట్టాలె పెద్దమ్మా" అన్నడు పోరడు. "ఇది డబ్బాల ముక్కలు ముక్కలు వస్తది. కాయితం చూసుకుంట అతికియ్యాలె. గీయనేమో తొర్రలు వొడిచి తీగెతోని కట్టిండు. మీదికెల్లి సైకిల్ పంచరు సొల్యూషన్ రాసిండు. ఇరుసుకు నల్లగ ఏందో పూసిండు, రాయి లెక్క గట్టివడ్డది."

"కందెన" అన్న నేను.

"అంటె?"

"ఎడ్లబండి ఇరుసుకు రాస్తరు. గడ్డి కాల్చిన మసిల ఆముదం కలుపుతరు."

"కారుకు కందెన వెట్టిండ్రా!" పోరడు పొట్ట వట్టుకొని నవ్విండు. మా చెల్లె సుత నవ్వింది. నాకు నవ్వు రాలె. ఆ కారును బిగించింది మా బాపు.

మా ఊరు బోధన్‌కు చెరుకు బండ్లు పోయే బాట మీద ఉండె. చలికాలం వచ్చిందంటె మా ఊరికి మూడు వాసనలు. గాలి బోధన్ దిక్కు నుంచి కొడ్తె చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన, కడుపుల తిప్పినట్టు తియ్యగ ఉంటది. చెరుకు కొట్టినంక చెత్తకు అగ్గి వెడ్తె ఒక వాసన. ఇగ పసుపు ఉడకవెట్టే కాడ ఒకటి, అది బట్టలకు, ఎంటికెలకు, అన్నానికి సుత వడ్తది. పెద్ద ఇనుప కడాయిల పసుపు కొమ్ములు వోసి, నీళ్ళు వోసి, మీద పసుపాకు కప్పి, దాని మీద గోనె సంచులు కప్పి, కింద చెరుకాకుతోని మంట వెడ్తురు. మేము పొయ్యి నిప్పుల్ల కందగడ్డలు, ఆంధ్రోళ్ళు చిలగడదుంపలు అంటరే, అవి వెట్టి కాల్చుకుందుము. పసుపు ఆవిరి కొడ్తున్న చేతులతోని తింటె ఆ గడ్డలు ఎంత తియ్యగుండునో, ఏ మిఠాయి దుకాండ్ల ఆ రుచి దొరకలె నాకు.

గసొంటి ఒక చలికాలం మా చిన్నాయిన దుబాయి నుంచి సెలవు మీద వచ్చిండు. రెండేండ్లకు వచ్చుడు. ఇంటినిండ మనుషులు. మా బాపమ్మ, అంటె మా బాపును కన్న అవ్వ, కొడుకు మొకం చేతులతోని తడుముకుంట ఏడుస్తనే ఉన్నది. సూట్‌కేసు తెరిస్తె అత్తరు వాసన గుప్పుమన్నది. రగ్గులు, తువ్వాలలు, అందరికి తలా ఒక సబ్బు. నాకు సబ్బే. ఇగ అడుగు నుంచి ఒక డబ్బా తీసి, "గిది నీకు బిడ్డా" అని మా చెల్లె చేతుల వెట్టిండు. డబ్బా మీద బొమ్మ ఉన్నది. సముద్రం పక్కపొంటి పసుపు రంగు కారు, మిలమిల మెరుస్తున్నది.

నేను సబ్బు వాసన చూసుకుంట డబ్బా దిక్కే చూస్తున్న. నా కండ్లల్ల నిప్పులు వోసినట్టైంది.

డబ్బా తెరిచిండ్రు. లోపల కారు లేదు. తెల్లటి ముక్కలు, పుల్లలకు అంటుకొని ఉన్నయి. ఒకతట్టు తలుపు, ఒకతట్టు టాపు, నాలుగు రబ్బరు టైర్లు. చిన్నాయిన మొకం నల్లగైంది. బొమ్మ చూసి కొన్నడు గని లోపల ఏమున్నదో ఆయనకు సుత తెల్వది.

మా బాపమ్మ మొదలువెట్టింది. "అయ్యో, విమానంల పలిగిందిరా! గంత మీదికెల్లి వస్తె పలగదా? పెట్టెల అడుగున వెడ్తరా ఎవరన్న? లేకుంటె ఆ దేశపోడు ఇరిగిన కారు అంటగట్టి నా కొడుకును మోసం చేసిండు!"

మా చెల్లె ముక్కలు చూసి ఎత్తుకున్నది రాగం. నిజం చెప్తున్న, ఆ పొద్దు నాకంటె ఖుషిగ ఉన్నోళ్ళు ఆ ఇంట్ల లేరు. వచ్చే నవ్వును సబ్బు మూతికి అడ్డం వెట్టుకొని దాచిన.

మా బాపు లేచిండు. తమ్ముని మొకం చూసిండు, ముక్కలు చూసిండు. "ఇరగలే అవ్వా. ఇది కట్టని బండి. బండ్లు చేసే వడ్లాయన ఇంటికాడ చూడలేదా, చక్రం ఆకులు ఒకతట్టు, ఇరుసు ఒకతట్టు ఉంటయి. కట్టుకుంటె బండైతది. తమ్ముడు తెలిసే తెచ్చిండు. నేను కడ్త" అన్నడు. మా చెల్లెను ఎత్తుకొని, "నీ కారు నేను కట్టిస్త, ఏడువకు బిడ్డా" అన్నడు.

నా ఖుషి ఆడికే అయిపోయింది.

నా బాధ మీకు సమజు కావాలంటె ఒక మాట చెప్పాలె. చిన్నాయిన దుబాయి పోయినప్పటి నుంచి మా బాపు దానికే బాపు. బండి మీద ముందు దాన్ని కూసొవెట్టుకుంటడు, నేను ఎనుక చెరుకు మీద. చెరుకుగడ ఇరిస్తె మొదటి గనుపులు దానికి, కొస గనుపులు నాకు. చెరుకు ఎరికున్నోళ్ళకు చెప్పాల్సిన పని లేదు, తీపంత మొదట్లనే ఉంటది, కొస సప్పగుంటది. మా అవ్వతోని కొట్లాడితె, "దాని నాయిన ఊర్ల లేడు బిడ్డా, నీ బాపు నీ కండ్ల ముంగటనే ఉండె గదా" అంటుండె. కండ్ల ముంగట ఉన్న బాపు ఎవలి చెయ్యి వట్టుకున్నడో మా అవ్వకు కానరాదా? మా బాపు సుత దుబాయి పోతె మంచిగుండు అనుకుందును. అప్పుడు చిన్నాయిన ఊర్లుంటడు, మొదటి గనుపులు నాకొస్తయి.

చిన్నాయిన సెలవైపోయి పోయిండు. మా బాపు కారు వెట్టుకొని కూసున్నడు. పగటిపూట, కడాయి మసిలే దాక చేతుల పని ఉండదు, గప్పుడు. కాయితం మీద రాసింది ఏందో మా ఇంట్ల ఎవ్వలికి తెల్వది. బొమ్మలు చూసిండు. డబ్బాల ఒక చిన్న గొట్టం ఉండె అంటువెట్టే మందు, దాన్ని మా బాపమ్మ మోకాళ్ళ మందని ఒకదినమే పూసుకొని అవగొట్టింది. మోకాళ్ళు మండినయి, నొప్పి తగ్గింది అని సుత అన్నది.

అంటు కోసం మా బాపు ఊరవతల, వలసొచ్చి ఎవుసం చేసే ఆంధ్రోళ్ళ క్యాంపుకు పోయిండు. మేము ఇద్దరం ఎంబడి పోయినం. అక్కడొక సైకిల్ దుకాండు. దుకాండు ఆయన సొల్యూషన్ డబ్బా ఇచ్చుకుంట, "దేనికండీ?" అన్నడు.

"కారుకు" అన్నడు మా బాపు.

"మీ కారుకి పంచరు పడిందాండీ! అసలు కొన్నట్టు మాటమాత్రం చెప్పలేదేంటండీ!"

"మొన్ననే విమానంల దిగింది" అన్నడు మా బాపు. ఇద్దరు చానాసేపు నవ్విండ్రు.

మా బాపుకు తెలిసిన బండి ఒక్కటే, ఎడ్లబండి. కారును సుత గట్లనే కట్టిండు. ఇనుప మొల కాల్చి తొర్రలు వొడిచి, తీగె గుంజి, కందెన వెట్టిండు. స్టీరింగ్ బొమ్మల ఎడమ దిక్కున్నది. "డ్రైవరు గీ దిక్కు కూసుంటడా? బొమ్మ గీసినోనికి తెల్వది" అని కుడి దిక్కుకు జరిపిండు. ముక్కలు గుప్పెడు మిగిలినయి. "బండికి ఇన్ని ముక్కలు అక్కరలేదు" అన్నడు. ముక్కలు వట్టుకునే పని మా చెల్లెది. మంటల ఆకు ఎగదోసే పని నాది. పొగ నా కండ్లకు, కారు దాని కండ్లకు.

కారు అయింది. వంకరగ ఉండె, తలుపులు వడవు, గుంజితె మూడు చక్రాలే తిరుగుతుండె. అయినా ఊరంత చూసిపోయింది. మా చెల్లె దాన్ని గూట్ల వెట్టి, ముట్టనియ్యకపోతుండె. ఒక్క కొరతే దానికి. "డబ్బా మీద కారు పసుపు రంగు ఉన్నది పెద్దబాపూ, ఇది తెల్లగున్నది" అని రోజొక్కసారి అంటుండె. మా బాపు, "సూద్దాం బిడ్డా, రంగు సంగతి సూద్దాం" అంటుండె.

మా ఊర్ల పసుపు రంగు కావాలంటె ఎవ్వలు దుకాండ్లకు పోరు. ఇంటి కడపకు పసుపు రాసుడే, పెండ్లి బట్ట పసుపుల ముంచుడే, చేతి దారం పసుపుల తడుపుడే. నేను ఆలోచించిన. కారును పసుపుల ఉడకవెడ్తె పచ్చగైతది, మా బాపు "శభాష్ నా బిడ్డె" అంటడు అనుకున్న. ఇది అబద్ధం కాదు. పాడైతె పాడుగాని, పీడ వోతది అని సుత అనుకున్న. ఇదీ అబద్ధం కాదు.

ఒకనాడు అందరు పొలం గట్టున అన్నాలకు కూసున్నరు. నేను గూట్ల నుంచి తెచ్చిన కారును పాత చీరె పేలికల మూట గట్టి, సంచి అంచు లేపి, మసిలే కడాయిల దించిన. ఆవిరి చేతికి కొట్టింది. మూట ఇడిసిపెట్టకుంట అట్లనే వట్టుకున్న. లెక్క రాదు నాకు, ఎంతసేపో చెప్పలేను. తీసి చూస్తె రంగు అంటలే. నున్నటి ప్లాస్టిక్కు పసుపును తాగదు. అతుకులల్ల, గీరుకున్న కాడ మాత్రం పచ్చగైంది. టాపు మెత్తవడి నడుమల కుంగింది. చక్రాలు నాలుగు నాలుగు దిక్కుల చూస్తున్నయి.

భయమైంది. పొయ్యి గడ్డ మీద వెట్టి ఉరికిన.

పసుపు దినాల్ల ఇంట్ల అందరి చేతులు పచ్చగనే ఉంటయి. చేతులు చూసి దొంగను వట్టరాదు. గని నా చేతి ఏళ్ళు బొబ్బలెక్కినయి. మా బాపు నన్ను బాయి కాడ చూసిండు. చెయ్యి వట్టుకున్నడు. "వేన్నీళ్ళు వడ్డయా?" అని అడిగిండు, జవాబు కోసం ఆగలె. కొబ్బరినూనె తెచ్చి ఒక్కొక్క ఏలికి రాసిండు.

మల్ల నేను ఇంట్లకు వచ్చెవరకు అందరు కారు సుట్టు ఉన్నరు. మా చెల్లె నేలమీద వడి ఏడుస్తున్నది. మా బాపు అందరి ముంగట, "నేనే తీసుకవోయిన, చక్రం సరి చేద్దామని. పొయ్యి గడ్డ మీద వెట్టి మర్చిన" అన్నడు. మా బాపమ్మ ఆయనను తిట్టని తిట్టు లేదు. "తమ్ముడు కట్టం చేసి తెస్తె పొయ్యి మీద వెడ్తవారా? నీకు ఏమన్న సోయి ఉన్నదా?" ఆయన తల వంచుకొని విన్నడు. నా దిక్కు ఒక్కపారి సుత చూడలె.

ఆ వారమంత మా బాపు మా చెల్లెను భుజాల మీదికెల్లి దించలే. నేను ఉడకవెట్టింది దానికి లాభమైంది! అయినా నాకొకటి దక్కింది. మా బాపు నా కోసం అబద్ధమాడిండు. ఆ అబద్ధం నాది. దాంట్ల మా చెల్లెకు వాటా లేదు. పెండ్లై పోయినంక, పిల్లలైనంక, మా బాపు పోయినంక సుత, ఆయన యాదికొస్తె నేను ఆ ఒక్క పొద్దును తీసుకొని పట్టుకుంటుంటి.

షెడ్డుకు ఆ ఒక్కదినం పోయి ఊకోలె. మూడు నాలుగు దినాలకొకపారి ఏదో ఒక సాకుతోని పోతుంటి, ఒకనాడు గారెలు తీసుకొని, ఒకనాడు వట్టిగనే. పోరడు కారును మల్ల కొత్తగ చేస్తనని, గడ్డ గట్టే ఫ్రిజ్జుల వెట్టి, అతుకులు ఇడిపిండు. తీగె కత్తిరించిండు. కందెన సూదితోని గీకిండు. స్టీరింగ్ ఎడమ దిక్కుకు జరిపిండు. మా బాపు చేసింది ఒక్కొక్కటే పోతున్నది. ఆపుమనెతందుకు కారు నాదా? అప్పుడు దానిదే, ఇప్పుడు దానిదే. కత్తిరించిన తీగె ముక్క ఒకటి ఎవ్వలు చూడకుంట నా సంచిల ఏసుకున్న. ఈ వయసుల దొంగతనం చేసిన.

ఒకదినం మా చెల్లె సుత ఉన్నది. పోరడు టాపు చేతిల వట్టుకొని, "ఇగ ఇదొక్కటే మిగిలింది. వేన్నీళ్ళల్ల ముంచి, మెత్తవడ్డంక అడుగున చెక్క వెట్టి ఒత్తితె సాపైతది. అసలు ఇట్లెట్ల కుంగిందో" అన్నడు.

"మా పెద్దబాపు పొయ్యి గడ్డ మీద వెట్టి మర్చిండు" అన్నది మా చెల్లె.

పోరడు హీటరు మీద గిన్నె వెట్టిండు. నీళ్ళు సర్రుమంటున్నయి. టాపు ఒక్కపారి సాపైతె, మా బాపు నా కోసం చేసింది లోకంల ఏడ లేకుంట వోతది. చెప్పకుంటె అది పోతది. చెప్తె నా ఇజ్జత్ పోతది.

"వద్దురా" అన్న.

"ఎందుకు పెద్దమ్మా? ఇంత చేసి టాపు గిట్ల ఇడిస్తె నా షెడ్డుకు ఎవలన్న వస్తరా?"

"మా బాపు మర్చిపోలె. నేనే పసుపు కడాయిల ఉడకవెట్టిన. నన్ను కాపాడెతందుకు తన మీద ఏసుకున్నడు. గా సొట్ట నాది, ఉండనియ్యి."

మా చెల్లె ఏడుస్తదో, తిడ్తదో అని చూస్తున్న. అది చాయ గిలాస కింద వెట్టి, "నాకెర్కనే అక్కా" అన్నది.

"నీకెట్లెర్క?"

"పెద్దబాపే చెప్పిండు. అందరికి చెప్పకముందుగాలనే నన్ను గడ్డివాము ఎనుకకు పిలిచిండు. 'కారు నీది బిడ్డా, నిన్ను అడగకుంట అబద్ధమాడితె తప్పైతది. అక్క చేసింది, గని నేను చేసిన అని చెప్త. నువ్వు నా మీద ఏడువు, దాని మీద ఏడువకు' అన్నడు."

"మరి నేలమీద వడి గంతగనం ఏడిస్తివి గదే?"

"ఏడువుమన్నడు, ఏడ్చిన."

నాకు గుండెల ఏందో ఊడిపోయినట్టైంది. నా ఒక్కదానిదనుకున్నది, అందుల సుత సగం దానిదే. సగం సుత కాదు, నాకంటె ముందుగాల దానికే ఇచ్చిండు. దాని కాడ పర్మిషన్ తీసుకొని నన్ను కాపాడిండు! అరవై దాటినంక ఇంత కుళ్ళు ఉంటదని నేను అనుకోలె. "సాపు చెయ్యిరా! ముంచు, నీళ్ళు మసిలినయి" అన్న పోరనితోని.

"ముంచితె చేతులు ఇరగ్గొడ్త. గట్లనే ఉండాలె" అన్నది మా చెల్లె.

"మీరు అక్కచెల్లెండ్లు తేల్చుకోండ్రి, నేను చాయ తాగొస్త" అని పోరడు హీటరు బందువెట్టి బయటికి పోయిండు.

రోడ్డు మీద లారీలు పోతున్నయి. అడగద్దనుకున్న, గని ఊకోలేకపోయిన. "ఇంకేమన్నడు మా బాపు?"

"'మా బాపు' అంటున్నవ్ సూడు" అని నవ్వింది. "చెప్త గని మల్ల కోపానికి రావద్దు."

"రాను, చెప్పు."

"నేను అడిగిన, అక్క ఎందుకు ఉడకవెట్టిందని. పెద్దబాపు గడ్డిపోస ఒకటి ఇరిసిండు. 'అది నీ కారు మీద చెయ్యలేదు బిడ్డా, నా మీద పానం కొద్ది చేసింది. నేనే దానికి తక్కువ చేస్తున్న. అది చెప్పుకోదు' అన్నడు."

టాపు అట్లనే ఉన్నది. పోరడు దాన్ని వంకరగనే అతికిచ్చి, కారంతటికి పసుపు రంగు కొట్టిండు, డబ్బా మీద బొమ్మలున్న రంగే. ఇప్పుడది మా చెల్లె ఇంట్ల అద్దాల సెల్ఫుల ఉన్నది. వచ్చినోళ్ళు టాపుకు ఏమైందని అడిగితె ఇద్దరం ఒకరి మొకం ఒకరం చూసుకుంటం.

మా బాపు నా మొకం మీద ఎన్నడు అట్లాంటి మాట అనలె. అంటె ఏం వోతుండె? నేను చెప్పుకోనని ఆయనకు ఎరుక. చెప్పుకోని బిడ్డెకు బాపే చెప్పాలె గద. ఆయన చెప్పింది ఇంకో బిడ్డెకు. అది యాభై ఏండ్లు కడుపుల దాచుకున్నది. దాని మీద కోపానికి వద్దామంటె, ఆ మాట నాకు ఇచ్చింది అదే.

షెడ్డుల అది ఆ మాట చెప్పిన పొద్దు, ఇంటికొచ్చేటప్పుడు ఆటోల ఒక మూలకు కూసొని, కండ్లు మూసుకొని, ఆ మాటను మా బాపు గొంతుతోని వినాలని చూసిన. ఎంత యాది చేసుకున్నా, మా చెల్లె గొంతే వినవడ్డది.